"నా శరీరం" అంటున్నాం కాబట్టి నేను శరీరం కాదు: ఈ వాదన నిలుస్తుందా?

మొన్న చిక్కడపల్లిలో ఒక ప్రవచనానికి వెళ్ళానండి. నా చెయ్యి అంటాం, నా మనసు అంటాం, నాది అన్నాక అది నేనెలా అవుతుంది, కాబట్టి నేను వేరే అని చెప్పారు, హాలంతా తలూపింది. చిన్నప్పట్నుంచీ వింటున్నదే, కానీ ఇది నిలబడదనే నా అభిప్రాయం, ఎందుకంటే "నా ఆత్మ" అని కూడా అంటాం కదా, మరి ఆ ఆత్మకి ఓనర్ ఇంకొకడున్నాడా? ఇక్కడ మనోళ్ళు ఒంట్లో బాలేకపోతే "నా పానం మంచిగ లేదు" అంటారు, పానం అంటే ప్రాణమే, అదీ నాదే అయితే ఇక నేనెవర్ని? పైగా అదే నోటితో నేను లావయ్యాను, నేను పొట్టి అంటాం, అక్కడ ఒళ్ళే నేను.

శంకరులకి ఇది తెలియక కాదు. వేదాంత సూత్రాలకి ఆయన రాసిన వ్యాఖ్యానం, బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే లావుగా ఉన్నాను, సన్నగా ఉన్నాను, వెళ్తున్నాను లాంటి మాటలే ఎత్తుకుని, ఒకదాని గుణం ఇంకోదాని మీద వేసుకోవడం ఇది, అధ్యాస అన్నారు. ఆయన అసలు బలం "నా" అనే మాట మీద లేదు, ఆత్మ లేదని ఎవడు అంటున్నాడో వాడి స్వరూపమే అది అంటారు చూడండి, అక్కడుంది.

బుద్ధుడూ "ఇది నాది కాదు, ఇది నేను కాదు" అనే అన్నాడు, రూపం (ఒళ్ళు), వేదన (సుఖదుఃఖాల అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (సంకల్పాలు, అలవాట్లు), విజ్ఞానం (ఎరుక) ఐదింటి గురించీ. వీటిలో ఏదైనా నేనే అయితే నా మాట వినాలి కదా, ఇలా ఉండు అంటే ఉండాలి కదా అని ఆయన తర్కం. కానీ శంకరుల్లా, ఇవన్నీ తీసేశాక వీటిని చూసే సాక్షి ఒకడు మిగిలాడని మాత్రం చెప్పలేదు. ఒకే మాట దగ్గర బయల్దేరి ఇద్దరూ చెరో దిక్కుకి వెళ్ళారంటే ఆ మాట ఒక్కటే దేన్నీ తేల్చదనే కదా.

స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో వచ్చిన తన పుస్తకంలో, లోపలికి ఎప్పుడు చూసుకున్నా వేడో చలో ప్రేమో ద్వేషమో తగులుతోంది తప్ప 'నేను' దొరకట్లేదని రాశాడు. మరుసటి ఏడు ఆ పుస్తకానికి చేర్చిన అనుబంధంలో, ఈ విడివిడి అనుభవాల్ని కలిపి ఉంచేదేంటో తనకే అంతుపట్టట్లేదని ఒప్పుకున్నాడు కూడా, ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం. ఆయన ఆగిపోయిన చోటే నాకు శంకరుల వైపు మొగ్గు వస్తుంది.

బౌద్ధం బాగా చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే దీనికి జవాబు రాయండి: క్షణక్షణం మారిపోయేదే తప్ప ఇంకేం లేదంటే, నిన్న విన్నదీ ఇవాళ గుర్తుచేసుకుంటున్నదీ ఒక్కరే అని ఎలా తెలుస్తోంది?