బాబర్‌కి ఏ బండి కొనాలి: క్లాసిక్ 350నా, అవెంజరా, కాస్ట్ ఐరన్ బుల్లెట్టా?

సండే_స్పానర్:
అన్నలూ, బాబర్ (మడ్‌గార్డులు కోసి, బరువు తగ్గించి, ఒక్క సీటుతో మార్చుకునే బైకు) చేయించుకుందామని చాలా రోజులుగా కోరిక. ఉండేది హైదరాబాద్, వారమంతా ఆఫీసుకి ఇదే బండి, ఆదివారం అయితే వికారాబాద్ అనంతగిరి దాకా. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. బండి కొనడం, పని చేయించడం అన్నీ కలిపి లక్షన్నర దాటకూడదు. మూడు బండ్లు చూసి పెట్టాను: 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2016 బజాజ్ అవెంజర్ 220 క్రూయిజ్, ఒక పెద్దాయన దగ్గర 1994 కాస్ట్ ఐరన్ (పాత పోత ఇనుము ఇంజిన్) బుల్లెట్. తెలిసిన మెకానిక్ ఒకాయన ఏది తెచ్చినా వెనక ఫ్రేమ్ కోసేసి, షాకర్లు లేకుండా హార్డ్‌టెయిల్ చేసేద్దాం అంటున్నాడు. మీరైతే ఏది తీసుకుంటారు, ఎందుకు?

బెజవాడ_బోల్టు:
అవెంజర్, ఇంకో ఆలోచన వద్దు తమ్ముడూ. సీటు ఎత్తు 740 మిల్లీమీటర్ల లోపే, నీ ఎత్తుకి రెండు కాళ్లూ పూర్తిగా ఆనతాయి. వీల్‌బేస్, అదే రెండు చక్రాల మధ్య దూరం, దాదాపు 1490, అంటే కంపెనీ నుంచే పొడుగ్గా, కిందకి ఉన్న బండి. వెనక టైరు 130/90-15, బాబర్‌కి కావాల్సిన లావు టైరు ఊరికే వస్తోంది. క్లాసిక్‌లో ఆ లుక్ రావాలంటే రిమ్ మార్చాలి, స్పోక్స్ కొత్తగా అల్లించాలి, ఆ డబ్బుతో అవెంజర్‌కి పెయింటూ సీటూ రెండూ అయిపోతాయి. బరువు కూడా క్లాసిక్ కంటే ముప్పై కిలోల పైన తక్కువ. పవర్ ఇంచుమించు సమానం. రేటు చూస్తే క్లాసిక్ అమ్మేవాళ్లు బంగారం అమ్ముతున్నట్టు మాట్లాడతారు, అవెంజర్‌ని అడిగేవాడు లేడు.

ఐరన్_తాత:
అవెంజర్ మీద చేస్తే వచ్చేది బాబర్ కాదు, చాపర్ పిల్ల. అసలు బాబర్ అంటే ఏంటి? రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో సైన్యం వదిలించుకున్న హార్లీ డబ్ల్యూఎల్‌ఏ లాంటి బండ్లు చవగ్గా దొరికితే, కుర్రాళ్లు ముందు మడ్‌గార్డు పీకేసి, వెనకది సగానికి కోసి, బరువు తగ్గించి తోలారు. ఫ్రేమ్ జోలికి పోలేదు. స్టీరింగ్ మెడ కోసి ఫోర్కులు ముందుకి చాపడం తర్వాత వచ్చిన చాపర్ల పద్ధతి. అవెంజర్ ఫోర్కులు కంపెనీలోనే ముందుకి చాపి ఉంటాయి, దాని మీద నువ్వు ఏ సీటు వేసినా పక్కనుంచి చూస్తే బద్ధకంగా పడుకున్నట్టే ఉంటుంది. నిటారుగా నిలబడ్డ ఇంజిన్, వెనక విడిగా గేర్‌బాక్సు, చుట్టూ గాలి ఆడే ఖాళీ, ఇదీ బాబర్ అంటే. మన దేశంలో అది కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఒక్కటే.

బెజవాడ_బోల్టు:
తాతగారూ, ట్రయంఫ్ వాళ్లు బాబర్ అని పేరు పెట్టి మరీ అమ్మే బండి వీల్‌బేస్ 1500. అది అవెంజర్ కంటే పొడుగు. మరి దాన్ని కూడా చాపర్ పిల్ల అంటారా?

ఐరన్_తాత:
దాంట్లో 1200 సీసీ ట్విన్ ఇంజిన్ ఉంది కాబట్టి ఆ పొడుగు నిండింది. 220 సింగిల్ పెడితే ట్యాంకు కింద సగం జాగా ఖాళీగా కనిపిస్తుంది. టార్క్ చూడు, అవెంజర్ 17.5 న్యూటన్ మీటర్లు, క్లాసిక్ 28. బాబర్‌ని రేసు తోలరు, మూడో గేర్లో డుగుడుగుమంటూ పోతారు, దానికి పనికొచ్చేది ఈ టార్కే.

లేత్_పని:
నేను షెడ్లో పనిచేసేవాణ్ణి, లుక్ గొడవ మీరూ మీరూ తేల్చుకోండి. నేను చూసేది ఒకటే, ఆ బండిలో ఏం కోయకుండా ఎంత దూరం వెళ్లగలం అని. ఆ లెక్కన నాది 2014 క్లాసిక్ ఓటు.

ముందు హార్డ్‌టెయిల్ సంగతి. మన రోడ్ల మీద, అందులోనూ కాలనీకో నాలుగు స్పీడ్ బ్రేకర్లుండే హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకెళ్లే బండికి వెనక షాకర్లు తీసేయడం నడుముతో చెలగాటం. నడుము సంగతి అటుంచితే, బుల్లెట్ ఫ్రేమ్ సింగిల్ డౌన్‌ట్యూబ్, ఇంజిన్ కూడా ఫ్రేములో భాగంగా బరువు మోస్తుంది. అలాంటి ఫ్రేమ్‌ని జిగ్‌లో (కదలకుండా పట్టి ఉంచే చట్రం) బిగించకుండా నేల మీద పెట్టి సీఓటూ వెల్డింగ్ కొట్టేస్తే వేడికి ట్యూబ్ లాగేస్తుంది, వెనక చక్రం ముందు చక్రం వెనకాలే రాదు. మెయిన్ రోడ్డెక్కి ఎనభై దాటితే హ్యాండిల్ ఆడుతుంది. చేయించుకున్నవాడు టైరు బాలెన్స్ అనుకుని మెకానిక్‌ల చుట్టూ తిరుగుతాడు. తప్పు వెల్డింగ్‌లో ఉందని ఎవరూ చెప్పరు, చెప్పినా అప్పటికి చేసేదేం లేదు.

చూపు కోసమే అయితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగే భాగం), షాకర్లు అలాగే ఉంచి ఒక పని చేయొచ్చు. వెనక మడ్‌గార్డుని ఫ్రేముకి కాకుండా స్వింగ్ ఆర్మ్‌కే రాడ్లతో బిగించండి. చక్రం పైకి లేస్తే మడ్‌గార్డు దాంతో పాటే లేస్తుంది కాబట్టి టైరుకి వేలెడు దూరంలో కూర్చోబెట్టొచ్చు. ఫ్రేముకి బిగిస్తే షాకర్ అణిగినప్పుడు టైరు తగలకుండా పెద్ద ఖాళీ వదలాలి, చూడటానికి బాబర్‌లా ఉండదు. చాలామంది బండ్లు ఫొటోలో బాగుండి ఎదురుగా తేలిపోయేది ఇక్కడే. కాకపోతే ఆ రాడ్లు బలంగా చేయించాలి, సన్న పట్టీలతో చేస్తే అదురుకి విరిగి మడ్‌గార్డు చక్రంలో పడుతుంది, అప్పుడు మనమూ రోడ్డు మీద పడతాం.

ఇంకోటి, పొట్టి షాకర్లు వేసి వెనక దించేద్దాం అంటారు. క్లాసిక్ గ్రౌండ్ క్లియరెన్స్ 135 మాత్రమే. రెండంగుళాలు దించితే స్టాండూ సైలెన్సరూ బ్రేకర్ల మీద గీసుకుంటాయి. పైగా వెనక దిగితే ఫోర్కుల కోణం వాలుతుంది, స్టీరింగ్ మందంగా తిరుగుతుంది. అంగుళం చాలు. క్లాసిక్‌కి కంపెనీ నుంచే స్ప్రింగులున్న సింగిల్ సీటు వస్తుంది, అది ఉంచేసి పిలియన్ సీటు ఊడదీయండి, సగం పని అయిపోయినట్టే.

నల్లకుంట_రైడర్:
ఇన్ని చెప్పారు గానీ ఎవరూ పోలీసుల సంగతి ఎత్తలేదేం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాశారు. ఒక్కో మార్పుకి, గమనించండి. మడ్‌గార్డు, హ్యాండిల్, సైలెన్సర్ అని విడివిడిగా లెక్కపెడితే ఆ మూడింటికే పదిహేను వేలు.

బెజవాడ_బోల్టు:
రూలు ఉంది, కాదనను. కానీ ఊళ్లో ఎన్ని మార్చిన బండ్లు తిరగట్లేదు? సైలెన్సర్ సౌండ్ రాకుండా చూసుకుని, నంబర్ ప్లేటు కనబడేలా పెట్టుకుంటే ఎవడూ ఆపడు.

నల్లకుంట_రైడర్:
ఆపేవాడు లేకపోవడం వేరు, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ రావడం వేరు అన్నా. బండి ఆర్‌సీలో ఉన్నట్టు లేదని క్లెయిమ్‌కి అడ్డం పెడితే ఎవరితో వాదిస్తారు? వెనక సీటు ఉండే బండికి పట్టుకునే హ్యాండిల్, ఫుట్‌రెస్టులు, చక్రాన్ని సగం కప్పే చీర గార్డు ఉండాలని కేంద్ర నిబంధనల్లో 123వ రూలు ఉంది. బాబర్‌లో మొదట ఊడేవి ఇవే కదా. ఆర్‌సీలో ఇద్దరు కూర్చునే బండి అని ఉంటుంది, రోడ్డు మీద ఒక్కటే సీటు.

లేత్_పని:
అందుకే నేను కోయని పని అంటున్నది. 2014 బండి అంటే 2029లో పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లాలి. ఇన్‌స్పెక్టర్ బండి ఎదురుగా నిలబడి చూస్తాడు. బోల్టులతో ఊడేవే ఊడదీసి, అసలు మడ్‌గార్డు, సీటు, గ్రాబ్ రైలు, సైలెన్సర్ అటక మీద దాచుకుంటే ఒక్క పూటలో మళ్లీ కంపెనీ బండి అయిపోతుంది. స్వింగ్ ఆర్మ్ మడ్‌గార్డు కూడా క్లాంపులతో బిగించేలా చేయించండి, వెల్డింగ్ వద్దు. కోసిన ఫ్రేముకి ఆ అవకాశం లేదు. నల్లకుంట అన్న చెప్పిన చట్టం సమస్య దీంతో పోతుందని నేను అనను, తిరిగినన్నాళ్లూ రిస్క్ రిస్కే. వెనక్కి వచ్చే దారి మాత్రం ఉంటుంది. అదే 1994 బండి అయితే ప్రతి ఐదేళ్లకీ ఆ రెన్యువల్ గండం.

కోడ్_గేర్:
నాది కొంచెం వేరే ప్రశ్న. బీఎస్6 క్లాసిక్ తీసుకుంటే ఏం? 2021లో క్లాసిక్‌కి వచ్చిన కొత్త 349 ఇంజిన్ అదురు చాలా తక్కువ కదా.

లేత్_పని:
తోలడానికి బంగారం లాంటి బండి, మార్చడానికి కొనే డోనర్ బండిగా మాత్రం తలనొప్పి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పెట్రోల్ పంపు ట్యాంకు లోపల ఉంటుంది. నచ్చిన చిన్న ట్యాంకు తెచ్చి పెడదాం అంటే పంపు పట్టేలా కింద కోసి ఫ్లాంజ్ చేయించాలి, పెట్రోల్ ట్యాంకు మీద ఆ పని అందరూ చేయలేరు. కార్బొరేటర్ బండికి కాక్ ఉన్న ఏ ట్యాంకైనా సరే. పైగా ఏబీఎస్ యూనిట్, ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్, సెన్సర్లు, సీటు కింద ఖాళీ చేద్దామంటే వీటన్నిటికీ చోటు వెతకాలి. ఏబీఎస్ పీకేద్దాం అనే సలహా ఎవరైనా ఇస్తే వాళ్ల షెడ్డుకి మళ్లీ వెళ్లకండి. 2009 తర్వాత, ఏబీఎస్ రాకముందు వచ్చిన కార్బొరేటర్ యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండే) క్లాసిక్‌లు అందుకే బెస్టు: ఎడమవైపు గేరు, సెల్ఫ్, ముందు డిస్కు, వైరింగ్ ఏ ఊరి ఎలక్ట్రీషియన్ అయినా చదవగలిగేది. క్లాసిక్ 500 కూడా ఇంజెక్షనే, రేటు చూసి టెంప్ట్ అవ్వకండి.

ముందు చక్రం కూడా లావుగా కావాలని 19 తీసేసి 16 రిమ్ వేయించుకుంటారు. ఆ బండికి మీటరు కేబుల్ ముందు చక్రం నుంచే వస్తుంది. చక్రం చిన్నదైతే ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది.

డాలస్_డ్రాప్‌సీట్:
ఇక్కడ అమెరికాలో ఇదే ప్రశ్న అడిగితే యమహా ఎక్స్‌ఎస్650 అంటారు, దానికి రెడీమేడ్ హార్డ్‌టెయిల్ వెనక భాగాలు అమ్ముతారు, లేదంటే హోండా షాడో 600. ఇక్కడ కూడా మొదట చూసేది టైటిల్ పేపరే. పేపరు లేని బండి ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోరు. ఇంతకీ సండే బ్రో, అంత ఖర్చు పెట్టే బదులు సెకండ్ హ్యాండ్ జావా పెరాక్ చూడొచ్చు కదా? 2019లో వచ్చిన ఫ్యాక్టరీ బాబర్, సింగిల్ సీటు, షాకర్ కనబడకుండా దాచి ఉంటుంది, 334 సీసీ. ఆర్‌సీలోనే బాబర్ కాబట్టి ఈ సెక్షన్ 52 టెన్షన్ ఉండదు.

సండే_స్పానర్:
పెరాక్ చూశాను అన్నా, నా బడ్జెట్‌లో మంచి కండిషన్‌ది దొరకట్లేదు. 2024లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు తెచ్చిన ఫ్యాక్టరీ బాబర్ గోవన్ క్లాసిక్ అయితే రెండు లక్షల పైనే, ఆ ఊసే వద్దు. పైగా నాకు చేతులతో చేసుకోవాలని ఉంది, కొనుక్కుని తిరగడం కాదు.

ఐరన్_తాత:
అలా అన్నావు బాగుంది. ఆ 1994 బండి పెద్దాయన దగ్గర ఎలా ఉంది? కుడివైపు గేరు, ఎడమవైపు బ్రేకు, ముందు డ్రమ్ము, అలవాటు లేకపోతే అమీర్‌పేట సిగ్నల్ దగ్గర గేరు తొక్కబోయి బ్రేకు తొక్కుతావు, అది నేనూ ఒప్పుకుంటాను. అయినా కొను. కొని, కోయకుండా అలాగే ఉంచు.

బెజవాడ_బోల్టు:
తాతగారూ, బాబర్‌కి ఏ బండి అని అడిగితే బాబర్ చేయొద్దని చెబుతున్నారా?

ఐరన్_తాత:
కాస్ట్ ఐరన్‌ని చేయొద్దంటున్నాను. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, అన్ని భాగాలతో ఉన్నవి ఏటా తగ్గిపోతున్నాయి. అది బాబర్‌కి అందరికంటే సరిపోయే బండే, అందుకే కోయకూడనిదీ అదే. క్లాసిక్‌లు లక్షల్లో ఉన్నాయి, ఒకటి కోస్తే లోకానికి నష్టం లేదు.

సండే_స్పానర్:
అప్‌డేట్. క్లాసిక్ చూడ్డానికి లేత్ అన్న చెప్పినట్టే వెళ్లాను. ఇంజిన్ నీటుగా ఉంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాను, పొగ లేదు. కానీ స్టీరింగ్ హెడ్ మీద చాసిస్ నంబర్ దగ్గర మందంగా పెయింట్ కొట్టి ఉంది, గోకి చూద్దాం అంటే అమ్మేవాడు ఒప్పుకోలేదు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ కూడా ఇంకా తీయించలేదట, తర్వాత పంపిస్తా అంటున్నాడు.

లేత్_పని:
వదిలేయండి. నంబర్ చూపించని బండి ఇంజిన్ ఎంత బాగున్నా మనకెందుకు. ఫైనాన్స్ క్లియర్ అయినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ, ఫామ్ 35 చేతికొచ్చాకే డబ్బు. వేరే జిల్లా బండి అయితే మీ పేరుకి మారేదాకా స్పానర్ పట్టొద్దు, సగం ఊడదీసిన బండిని ట్రాన్స్‌ఫర్‌కి తీసుకెళ్లలేరు. క్లాసిక్‌లు ఇంకా దొరుకుతాయి, ఆగండి.

బెజవాడ_బోల్టు:
ఆగడమెందుకు, అవెంజర్ ఓనర్‌కి ఫోన్ చెయ్. 2016ది అంటున్నావు కాబట్టి 2031 వరకు రెన్యువల్ బెడద లేదు, అదీ కార్బొరేటరే, క్రూయిజ్ కాబట్టి స్పోక్ రిమ్ములు కూడా ఉంటాయి. విండ్‌షీల్డు ఉంటే పీకి, బ్యాక్‌రెస్టు తీసి, హ్యాండిల్ ఒక్కటి తిన్నగా ఉండేది వేసి చూడు. కోసేది ఏమీ లేదు, లేత్ అన్న రూలే ఇది.

లేత్_పని:
పేపర్లు శుభ్రంగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. లుక్ నచ్చకపోతే నన్ను అడగొద్దు.

సండే_స్పానర్:
శనివారం వెళ్తున్నా. చాసిస్ నంబర్ ఫొటో ముందే వాట్సాప్‌లో పంపాడు, ఆర్‌సీతో సరిపోయింది. పేరు కూడా ఫస్ట్ ఓనర్‌దే.

ఐరన్_తాత:
కొనుక్కో నాయనా. పెయింట్ అయ్యాక ఫొటో పెట్టేటప్పుడు మాత్రం ముందు నుంచి తీసి పెట్టు, పక్కనుంచి వద్దు. ఆ పెద్దాయన నంబర్ నాకు ఇటు పంపించు.