గులాబీ కొమ్మ చిగురేసి నల్లబడుతోంది, వేరు మాత్రం రావడం లేదు

మిద్దెతోట_బెజవాడ:
నాటు గులాబీ కొమ్మలు సగం ఎర్రమట్టి, సగం వర్మీకంపోస్టు కలిపిన కుండీలో గుచ్చుతున్నాను. రోజూ నీళ్లు పోస్తున్నాను. రెండో వారానికి ఎర్రటి చిగుళ్లు వస్తాయి. ఆ తర్వాత కాడ అడుగు నుంచి నల్లబడి చచ్చిపోతుంది. తేనె రాయమని కొందరు, బంగాళాదుంపలో గుచ్చమని కొందరు అంటున్నారు. అసలు లోపం ఎక్కడండీ?

పూలకుండీ:
చిగురును చూసి వేరు పట్టిందనుకోకండి. కాడలో నిలవున్న పిండిపదార్థంతోనే మొగ్గ విచ్చుకుంటుంది. ఆ నిలవ అయిపోయేలోపు వేరు రాకపోతే కొమ్మ పోతుంది.

నలుపు అడుగు నుంచి పైకి ఎక్కితే అది కుళ్లు. పైనుంచి ఎండుతూ కిందికి దిగితే గాలిలో తేమ చాలలేదని అర్థం. మీది మొదటి రకం. వేరు లేని కాడకు ఎరువుతో పనిలేదు, పైగా వర్మీకంపోస్టు తడిని పట్టి ఉంచి అడుగుకు గాలి ఆడనివ్వదు. కడిగిన ముతక ఇసుక రెండు పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు కలపండి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు నానబెట్టి పిండేయాలి.

కొమ్మ ఎంపిక అన్నిటికన్నా ముఖ్యం. ఈమధ్యే పూసి రాలిన రెమ్మ, పెన్సిల్ మందం. ముల్లును పక్కకు నొక్కితే టక్కున ఊడిరావాలి. వంగితే లేత, చెక్కతో కలిసి చీలితే ముదురు. 15 నుంచి 20 సెంటీమీటర్లు, మూడు నాలుగు కణుపులు. కింది కోత కణుపుకు ఆనుకుని, ఏటవాలుగా. పైన ఒక్క ఆకు, అదీ రెండు రెబ్బలు ఉంచితే చాలు. అడుగున ఒక పక్క 2 సెంటీమీటర్ల మేర పైతోలు పల్చగా గీకండి. పుల్లతో ముందే రంధ్రం చేసి, రెండు కణుపులు లోపలికి వెళ్లేలా నాటి చుట్టూ నొక్కండి. నేరుగా గుచ్చితే, వేరు కోసం హార్మోన్ మందు రాసి ఉంటే అది పైనే తుడుచుకుపోతుంది.

పైన అడుగు కోసిన నీళ్ల సీసా బోర్లించి, ఎండ పడని వెలుతురులో పెట్టండి. రోజుకోసారి కాసేపు తీస్తే బూజు పట్టదు. సీసా లోపల చెమ్మ కనిపిస్తున్నంత కాలం నీళ్లు అక్కర్లేదు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పారదర్శక గ్లాసులో నాటితే వేరు బయటికే కనిపిస్తుంది, లాగి చూసే అవసరం రాదు.

బంగాళాదుంప కుళ్లి కొమ్మనూ కుళ్లబెడుతుంది. తేనె వేరును పుట్టించదు.

అంటు_కత్తి:
పై మాటలన్నీ నిజం. హార్మోన్ గురించి కలుపుతాను. గులాబీకి ఐబీఏ (వేరు పుట్టించే హార్మోన్) 2000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకు 2000 పాళ్లు, సరిపోతుంది. 200 మిల్లీగ్రాముల ఐబీఏను 50 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, నీళ్లతో 100 మిల్లీలీటర్లు చేయండి. ముందే నీళ్లలో వేస్తే కరగదు. అడుగు 2 సెంటీమీటర్లు 5 నుంచి 10 సెకన్లు ముంచి, ఆరాక నాటాలి. ఎక్కువసేపు ఉంచితే తోలు మాడుతుంది. పొడి వాడితే కొంచెం విడిగా పోసుకుని అద్దండి. తడి కొమ్మను డబ్బాలో పెడితే మిగతా పొడి పాడవుతుంది.

మిద్దెతోట_బెజవాడ:
నర్సరీలో కొన్న హైబ్రిడ్ గులాబీకీ, కాగితంపూలకీ ఇదే పద్ధతా?

పూలకుండీ:
హైబ్రిడ్‌కు వేరు వచ్చినా చాలా రకాలు సొంత వేరు మీద బలహీనంగా పెరుగుతాయి. అందుకే నర్సరీలవాళ్లు వాటిని అడవి గులాబీ మొదలు మీద అంటుకడతారు. అంటు ముడి కింద నుంచి లేచిన రెమ్మను కోసి నాటితే వచ్చేది ఆ అడవి గులాబీయే, కాబట్టి ముడి పైభాగం నుంచే తీసుకోండి.

కాగితంపూలకు ముదురు కొమ్మ, ఆకులు లేకుండా. దాని వేళ్లు చాలా పెళుసు. మార్చేటప్పుడు మట్టిగడ్డ విడిపోతే చెట్టు చాలాసార్లు కోలుకోదు, అందుకని పాలిథిన్ సంచిలోనే నాటి, సంచిని చీల్చి కుండీలో దించండి.

అంటు_కత్తి:
వేరు వచ్చాక సీసాను ఒక్కసారిగా తీసేయవద్దు. రోజుకు గంట, మర్నాడు రెండు గంటలు, అలా వారం పదిరోజులు అలవాటు చేయాలి. చాలా కొమ్మలు వేరు పట్టాక కూడా ఇక్కడే వాడిపోతాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి. వానలు కుదురుకున్నాక మొదలుపెట్టి, చలి నెలల్లోనూ చేసుకోవచ్చు.