బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి సైకిల్ యాత్ర, మగవాళ్ల మానసిక ఆరోగ్యం కోసం: ప్లాన్‌లో తప్పులు పట్టండి

మారతహళ్లి_పెడల్:

అందరికీ నమస్తే. బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లం ఎనిమిది మందిమి. నవంబరు 19 అంతర్జాతీయ పురుషుల దినోత్సవం కదా, ఆ రోజుకి హైదరాబాద్ చేరేలా హెబ్బాళ నుంచి ఎన్‌హెచ్ 44 మీద సైకిళ్లతో బయల్దేరాలని అనుకుంటున్నాం. సుమారు 570 కిలోమీటర్లు, 4 రోజులు. వెనకాల ఒక వ్యాన్ ఉంటుంది. విరాళాలు మానసిక ఆరోగ్యం మీద పనిచేసే ఒక సంస్థకి ఇస్తాం.

మావాళ్లంతా వారాంతాల్లో నంది హిల్స్ ఎక్కి దిగేవాళ్లే, వరసగా నాలుగు రోజులు తొక్కిన అనుభవం ఎవరికీ లేదు. ఐదుగురివి 700x32 టైర్ల హైబ్రిడ్‌లు, ముగ్గురివి 700x28 రోడ్ సైకిళ్లు. అడగాల్సినవి ఇవీ. రోజుకి 140 ఎక్కువా? స్పేర్లు ఎన్ని? డబ్బు ప్రస్తుతానికి ఒకరి యూపీఐకి తెప్పించి చివర్లో సంస్థకి పంపితే సరిపోతుందా? దారిలో పంచే కరపత్రంలో ఏం రాయాలి? నినాదం మాత్రం రెడీ: "బాధని తొక్కేద్దాం!"

గుత్తి_ఎదురుగాలి:

140 ఒక్క రోజుకి ఎక్కువ కాదు, నాలుగు రోజులు వరసగా అంటే ఎక్కువ. మూడో రోజు పొద్దున సీటు మీద కూర్చోగానే ఎందుకో తెలుస్తుంది. 5 రోజులు చేయండి. మొదటి రోజు పెనుకొండ, సుమారు 140. రెండో రోజు అనంతపురం మీదుగా గుత్తి, 120. మూడో రోజు కర్నూలు, 95 లోపే. నాలుగో రోజు తుంగభద్ర దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి జడ్చర్ల, 130. ఐదో రోజు 85, మధ్యాహ్నానికల్లా ఊళ్లో ఉంటారు. మూడో రోజు చిన్నగా ఉన్నది కావాలనే. బట్టలు ఉతుక్కోడానికి, బ్రేకులు చూసుకోడానికి, నిద్రకి ఆ సాయంత్రం కావాలి.

పటం చూస్తే బెంగళూరు 900 మీటర్ల పైన, కర్నూలు 300 లోపు, కాబట్టి మూడు రోజులూ దిగుడే అనిపిస్తుంది. ఆ లెక్క నమ్మకండి. నవంబరులో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, మీరు వెళ్లేది ఉత్తరానికి. గాలి ఎదురొస్తుంది, కాకపోతే కుడిపక్క నుంచి కొడుతుంది. పైగా ఆ నెలలో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రాయలసీమలోనూ వాన. గాలి ఎండతోపాటే పెరుగుతుంది కాబట్టి 5 గంటలకి బయల్దేరి 11కల్లా ముప్పాతిక దూరం అయిపోవాలి. సూర్యోదయం 6 దాటాకే, అంటే మొదటి గంటకి పైగా చీకట్లో తొక్కుతారు. వెనక ఎర్ర లైటు ఒక్కొక్కరికి రెండు పెట్టండి, ఒకటి ఆరిపోయినా తొక్కేవాడికి తెలియదు.

హైవే విషయానికొస్తే, దేవనహళ్లి దాకా దారి మీకు అరచేతిలో ఉన్నదే. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టాక లారీలు తప్ప రద్దీ ఉండదు. అక్కడ భయపడాల్సింది వెనక నుంచి వచ్చే లారీకి కాదు, షోల్డర్ (రోడ్డు అంచు) మీద ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులకీ ట్రాక్టర్లకీ. ఒకరి వెనక ఒకరు, మధ్యలో ఒక సైకిల్ పొడవు ఖాళీ. ముందున్నవాడు గుంత, గాజుపెంకు, ఎదురు బండి, ఏది కనిపించినా అరిచి చెప్పాలి. టోల్ గేట్ల ముందు రంబుల్ స్ట్రిప్‌ల మీద బాటిళ్లు ఎగిరిపడతాయి, బాటిల్ పెట్టే పంజరం బిగుతుగా ఉండాలి.

వ్యాన్ సైకిళ్ల వెనకాలే గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పాకుతూ రావడం అందరూ చేసే తప్పు. 80లో వచ్చే లారీవాడికి అది రోడ్డు మీద నిలబెట్టిన గోడ. వ్యాన్ 20 కిలోమీటర్లు ముందుకెళ్లి, రోడ్డు పూర్తిగా దిగి, ఏ డాబా ఆవరణలోనో ఆగి ఎదురుచూడాలి. అందరూ దాటాక మళ్లీ ముందుకెళ్లాలి.

ఇంకోటి. "ఎవరు అలిసిపోతే వాళ్లు వ్యాన్ ఎక్కొచ్చు" అని పెడితే ఎవ్వడూ ఎక్కడు, మన మగవాళ్ల సంగతి తెలిసిందే. తిరగేసి పెట్టండి. రోజుకి ఇద్దరు, వంతులవారీగా, చివరి 30 కిలోమీటర్లు వ్యాన్‌లో వెళ్లి గదులూ భోజనాలూ చూడాలి. వ్యాన్ ఎక్కడం డ్యూటీ అయితే మోకాలు పట్టేసినవాడు వంతు మార్చుకుంటాడు, మొహమాటం ఉండదు.

తిండీ నీళ్లూ: గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు. రెండు బాటిళ్లలో ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఒకదాంట్లో ఓఆర్ఎస్. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న పొడి ప్యాకెట్ కొనండి, 20.5 గ్రాములది, సరిగ్గా ఒక లీటరుకి. తియ్యటి డబ్బా పానీయాలు ఆ పని చేయవు. ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, అయోమయం వస్తాయి. ఆకలేసేదాకా ఆగకండి, ప్రతి 45 నిమిషాలకి అరటిపండో పల్లీపట్టీనో నోట్లో పడాలి. అనంతపురం జిల్లాలో పొద్దున్నే ఉగ్గాని తినండి, బజ్జీలు మాత్రం తొక్కడం అయ్యాక.

గొలుసు_నూనె:

స్పేర్ల లెక్క నాది.

పంక్చర్లకి మొదటి కారణం మేకులు కాదు. లారీల రీట్రెడ్ టైర్లు పేలినప్పుడు షోల్డర్ నిండా రాలే సన్నటి ఇనుప తీగ ముక్కలు. అర సెంటీమీటరు కూడా ఉండవు, రబ్బరులో దిగి బయటికి కనిపించవు. ట్యూబ్ మార్చి గాలి కొట్టి అరగంట తొక్కితే అదే తీగ కొత్త ట్యూబ్‌నీ పొడుస్తుంది. కాబట్టి ట్యూబ్ తీయగానే వాల్వ్ దగ్గర మొదలుపెట్టి టైరు లోపల బొటనవేలితో నెమ్మదిగా ఒక చుట్టు తడమండి. వేలికి బదులు దూది ఉండ లాగినా మంచిదే, తీగ ఉన్నచోట పోగు తగులుకుంటుంది. తీయడానికి కనుబొమలు తీసే ప్లక్కర్ కావాలి, వేళ్లతో రాదు. టైరు లోగో వాల్వ్‌కి ఎదురుగా వచ్చేలా ఎప్పుడూ ఎక్కించుకుంటే, ట్యూబ్‌లో చిల్లు చూసి టైరులో ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

ట్యూబులు మనిషికి రెండు జేబులో, వ్యాన్‌లో ఇంకో ఎనిమిది. 28-32 అని రాసున్న ట్యూబ్ మీ రెండు రకాలకీ సరిపోతుంది, వాల్వ్ మాత్రం చూసి కొనండి. రోడ్ సైకిళ్లకి సాధారణంగా సన్నటి ప్రెస్టా, హైబ్రిడ్‌లకి చాలావాటికి బైక్ వాల్వ్ లాంటి ష్రేడర్. దారిలో పంక్చర్ షాపుల కంప్రెసర్లకి ప్రెస్టా ఎక్కదు, ఇత్తడి అడాప్టర్ తలా ఒకటి పెట్టుకోండి. 32 టైరుకి 70 కిలోల మనిషైతే ముందు 55, వెనక 60 పీఎస్ఐ చుట్టుపక్కల చాలు. రాయిలా కొడితే చేతులు తిమ్మిరెక్కుతాయి. ప్యాచ్ వేసేటప్పుడు సొల్యూషన్ రాసి వెంటనే అంటించకండి, వేలికి తడి తగలనంతగా ఆరాక అంటించాలి. అతుకు ఊడేవాళ్లలో సగం మంది తొందర మనుషులే.

వ్యాన్‌లో ఫ్లోర్ పంపు, చైన్ కట్టర్, 8, 9, 10 స్పీడ్‌లలో మీ చైన్లకి తగిన క్విక్ లింకులు (తెగిన చైన్ కలిపే ముక్కలు) రెండేసి, గేర్ వైరు, బ్రేక్ వైరు, బ్రేక్ ప్యాడ్లు, జిప్ టైలు, టైరు పక్క చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యం డిరెయిలర్ హ్యాంగర్, అంటే వెనక గేర్లు మార్చే డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క. సైకిల్ కుడిపక్కకి పడితే ముందు వంగేది అదే. ప్రతి మోడల్‌కీ వేరే ఆకారం, అనంతపురంలో కాదుకదా బెంగళూరులోనే వెంటనే దొరకదు. ఇప్పుడే ఆర్డర్ పెట్టండి. కొత్త చైనూ కొత్త టైర్లూ వేయాలంటే యాత్రకి మూడు వారాల ముందు వేయండి, ముందురోజు కాదు.

సీటు గురించి మగవాళ్లు బయటికి చెప్పని సంగతొకటి ఉంది. తొక్కేటప్పుడు మర్మాంగాల దగ్గర తిమ్మిరి వస్తే అది ఓర్చుకోవాల్సింది కాదు, అక్కడి నరాలూ రక్తనాళాలూ నలుగుతున్నాయని అర్థం. సీటు ముక్కు ఒకటి రెండు డిగ్రీలు దించండి, ఎత్తు ఎక్కువైతే తగ్గించండి, పది నిమిషాలకోసారి లేచి నిలబడి తొక్కండి. ఎంత మెత్తటి సీటైతే అంత మంచిదనుకోవడం పొరపాటు, మధ్యలో గాడి ఉన్న గట్టి సీటే మేలు. ప్యాడ్ షార్ట్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. వాజలిన్ రాసుకోండి. రోజుకో ఉతికిన షార్ట్, మొత్తం మూడు.

తిరుగు ప్రయాణం రైల్లో అయితే సైకిల్‌ని పార్సిల్‌గా కాకుండా మీ టికెట్ మీద లగేజీగా బుక్ చేయండి, అదే రైల్లో వస్తుంది. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమ పెడల్‌కి మర తిరగబడి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితే ఊడుతుంది.

జమాఖర్చు:

ఒకరి యూపీఐకి తెప్పించడం వద్దే వద్దు. ఎంత నిజాయితీపరుడైనా ఆ డబ్బు అతని ఖాతాలో అతని రాబడిలాగే కనిపిస్తుంది, దాతలకి పన్ను రసీదూ రాదు. సంస్థ సొంత పేజీ లింకో, క్యూఆర్ కోడో ఇప్పించుకుని నేరుగా వాళ్లకే కట్టించండి. మీ యాత్ర పేరు నోట్‌లో రాయమంటే ఎంత వచ్చిందో వాళ్లే చెప్తారు.

పన్ను మినహాయింపుకి 80జి రసీదు కావాలన్నవాళ్లు పాన్ ఇవ్వాలి. 2,000 దాటిన నగదుకి మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలే రాదు, అడక్కముందే చెప్పేయండి, తర్వాత మాటలు పడకుండా.

మన తెలుగువాళ్లు అందరూ మర్చిపోయేది అమెరికా చుట్టాల సంగతి. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళం. సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో వాళ్లకున్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే చేరాలి. లేకపోతే చిక్కుల్లో పడేది మీరు కాదు, సంస్థ.

వ్యాన్, డీజిల్, గదులు, టీషర్టులు మీ జేబులోంచి పెట్టుకోండి. ఆ సంగతి పోస్టర్ మీద ఒక్క లైను రాస్తే సగం ప్రశ్నలు రావు.

వార్డు_నం_3:

ముందు నినాదం మార్చండి. సైకిల్ తొక్కడం వరకూ బాగానే ఉంది, కానీ "బాధని తొక్కేద్దాం" అంటే తెలుగులో అణిచేద్దాం అనే. మగవాళ్లు ఇప్పటికే చేస్తున్నది అదే కదా!

కరపత్రంలో పేపర్ల భాష వాడకండి. "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అంటాం, దొంగతనానికీ పాల్పడటమే అంటాం. నేరం వాసన ఆ మాటలోనే ఉంది. "ఆత్మహత్యతో చనిపోయారు" అంటే చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ ప్రయత్నం చేసినవాళ్లని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి, శిక్షించకూడదు. ఎలా చనిపోయారన్న వివరం, ఫొటో, ఉత్తరం, ఏవీ వద్దు. అంకె కావాలంటే జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీది వేయండి: 2022లో దేశంలో 1,70,924 మంది, అందులో 1,22,724 మంది మగవాళ్లు. దాని కింద అంతకన్నా పెద్ద అక్షరాల్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనూ మాట్లాడతారు. దాన్ని నడిపించే ప్రధాన కేంద్రం మీ బెంగళూరు నిమ్హాన్సే.

టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు పక్కకి పిలిచి తన గోడు చెప్పుకుంటారు, దానికి సిద్ధపడండి. ఇద్దరు ముందే అనుకుని ఉండాలి. అప్పుడు ఫొటోలు ఆపాలి, "ధైర్యంగా ఉండు తమ్ముడూ" అని తుంచేయకూడదు. అనుమానం వస్తే సూటిగానే అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు. అతని ఫోన్ నుంచే 14416కి కలపండి, ఇంట్లోవాళ్లు ఎవరో అడిగి వాళ్లొచ్చేదాకా ఒకరు అక్కడే ఉండండి. ప్రమాదం అప్పటికప్పుడే కనిపిస్తే 112. సైకిళ్ల గుంపు ఆలస్యమవుతుంది, అవనివ్వండి.

ఇక మీ ఎనిమిది మంది. ఇలాంటి యాత్రకి వచ్చేవాళ్లలో ఒకరిద్దరు మందులు వాడుతూ ఉండటం మామూలే. బైపోలార్ లాంటి వాటికి ఇచ్చే లిథియం వేసుకునేవాళ్లకి చెమట పట్టి నీళ్లు తగ్గితే రక్తంలో మందు పెరిగిపోతుంది. చేతి వణుకు ఎక్కువవడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, తూలడం కనిపిస్తే ఆసుపత్రికే, ఓఆర్ఎస్‌తో సరిపెట్టొద్దు. వాళ్లకి ఒళ్లు నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకూడదు, అవి కూడా లిథియాన్ని పెంచుతాయి. వ్యాన్ మందుల పెట్టెలో పారాసిటమాల్ ఒక్కటే ఉంచితే గొడవే లేదు. కొన్ని మందులు చెమట పట్టనివ్వవు, ఎండలో ఒళ్లు కాగిపోతుంది. ఆందోళనకి ఇచ్చే ప్రొప్రనొలాల్ వేసుకునేవాళ్లకి గుండె వేగం అంతగా పెరగదు, వాచీ చూసి "ఇంకా గట్టిగా తొక్కు" అనకండి. యాత్ర కోసం ఎవరూ మందు సొంతంగా ఆపకూడదు, బయల్దేరే ముందు డాక్టర్‌ని అడగాలి. ఎవరేం వాడుతున్నారో గ్రూపులో చెప్పమని ఒత్తిడి చేయొద్దు. తలా ఒక కాగితం రాసి, కవరులో పెట్టి అంటించి వ్యాన్‌లో ఉంచితే అవసరమైనప్పుడే తెరుస్తారు.

ముగింపు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం గేటు దగ్గర పెట్టుకుంటే బాగుంటుంది. "ఎర్రగడ్డకి పంపాలిరా వీణ్ని" అని నవ్వుకునే ఊరికి సైకిల్ మీద మీరే వెళ్లినట్టవుతుంది. ముందు సూపరింటెండెంట్‌కి ఉత్తరం రాయండి. గేటు బయటే ఆగండి. చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటోలు వాళ్ల సమ్మతి లేకుండా బయటపెట్టడం పైన చెప్పిన 2017 చట్టం ఒప్పుకోదు, మీ వెనక ఫ్రేములో పడినా సరే.

మారతహళ్లి_పెడల్:

అందరికీ థ్యాంక్స్. 5 రోజులకి మార్చాం, వ్యాన్ వంతుల పట్టిక వేశాం, యూపీఐ నంబరు పోస్టర్ లోంచి తీసేశాం. నినాదం కూడా పోయింది, ప్రస్తుతానికి 14416 ఒక్కటే టీషర్ట్ వీపు మీద పెద్దగా. హ్యాంగర్లు మాత్రం ముగ్గురివి ఏ షాపులోనూ లేవంటున్నారు, పాత మోడళ్లట.

గొలుసు_నూనె:

మోడల్ పేరు చెప్పి అడిగితే లేవనే అంటారు. ఉన్న హ్యాంగర్ విప్పి, తెల్ల కాగితం మీద స్కేలు పక్కన పెట్టి రెండువైపులా ఫొటో తీయండి. స్క్రూ రంధ్రాలు ఎన్ని, వాటి మధ్య దూరం ఎంతో మిల్లీమీటర్లలో రాయండి. ఆన్‌లైన్‌లో హ్యాంగర్లు అమ్మేవాళ్లు ఆకారం చూసి జత కలుపుతారు. వచ్చాక డబ్బాలో దాచేయకుండా ఒకసారి బిగించి గేర్లు మార్చి చూడండి, మర సరిపోలేదని జడ్చర్లలో తెలిస్తే చేసేదేం ఉండదు.