‘డామ్‌జెల్స్ ఇన్ డిస్ట్రెస్’ మాటలు కృత్రిమమేనా? అయితే తప్పేంటి?

నేలటికెట్
అమెరికన్ దర్శకుడు విట్ స్టిల్‌మన్, 1998 నాటి తన ముందు సినిమా తర్వాత పదమూడేళ్లకు తీసిన కాలేజీ కామెడీ ఇది. 2011 వెనిస్ ఉత్సవానికి ముగింపు సినిమా, 2012 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదల. విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు, జనం మాత్రం రాలేదు. దాదాపు 30 లక్షల డాలర్ల ఖర్చుతో తీస్తే, అమెరికాలో వసూళ్లు పది లక్షల దగ్గరే ఆగిపోయాయి. నచ్చనివాళ్లు ఎక్కువగా అనేది ఒకటే: “ఏ కాలేజీలో ఇలా మాట్లాడతారు?” ఆ ఫిర్యాదు చెల్లదని నా వాదన.

కట్‌పాయింట్
చెల్లుతుంది. స్టిల్‌మన్ తీసిన ‘మెట్రోపాలిటన్’ (1990)లోనూ పుస్తకాల భాషే, కానీ ఆ భాష ఏ ఇళ్లలోంచి వచ్చిందో తెరమీద కనబడుతుంది. మాన్‌హాటన్ డబ్బున్నవాళ్ల పార్టీలు, వాళ్ల మధ్య టామ్. చలికాలంలో రెయిన్‌కోటుతో తిరుగుతూ, లోపల వెచ్చటి లైనింగ్ ఉందని సర్దిచెప్పుకుంటాడు. ఆ ఒక్క కోటుతో అతని జేబు సంగతి తెలిసిపోతుంది. ఈ సినిమాలోని సెవెన్ ఓక్స్ కాలేజీలో ఎవరి జేబులో ఎంతుందో, ఎవరు ఏ ఇంటినుంచి వచ్చారో పట్టింపే లేదు. మాటలు గాల్లో తేలుతున్నట్టు అనిపించడానికి కారణం అదే.

మ్యాట్నీ
మరి 2016లో ఏమైంది? అదే దర్శకుడు, అవే పొడుగు వాక్యాలు, జేన్ ఆస్టిన్ ‘లేడీ సూసన్’ కథ. ‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’ అమెరికాలోనే కోటి డాలర్లు దాటింది. పద్దెనిమిదో శతాబ్దం గౌను తొడిగితే చమత్కారం, కాలేజీ స్వెటర్ వేస్తే కృత్రిమమా? ఇది సినిమా లోపం కాదండీ, చూసేవాళ్ల పక్షపాతం.

కట్‌పాయింట్
గౌను కాదు బాబూ, అవసరం. సూసన్ విధవ, చేతిలో డబ్బు లేదు, తలదాచుకోడానికి చుట్టాల ఇళ్లే దిక్కు. ఆమె అబద్ధం ఆడితే పూట గడుస్తుంది. ‘డామ్‌జెల్స్’ నాయిక వయొలెట్‌కి ఆ గండం ఎక్కడుంది?

నేలటికెట్
ఆమె సిద్ధాంతమే ఆమె ఆస్తి. తనకన్నా తక్కువ తెలివున్న అబ్బాయిని ఎంచుకుని బాగుచేయాలి, ఇదీ వయొలెట్ (గ్రెటా గెర్విగ్) లెక్క. ఆ అబ్బాయి ఫ్రాంక్, ఆమె చేరదీసిన అమ్మాయితోనే వెళ్లిపోతాడు. వయొలెట్ చెప్పాపెట్టకుండా మాయమై ఓ మోటెల్ చేరుతుంది. అక్కడ ఓ సబ్బు వాసనకి మనసు తేరుకుని, వెనక్కొచ్చి అవే సబ్బులు కంపుకొట్టే హాస్టల్ కుర్రాళ్లకి పంచుతుంది! మామూలు కామెడీలో అది వెటకారం అయ్యేది. ఇక్కడ ఆమె నూటికి నూరుపాళ్లు నమ్మి చేస్తుంది, కెమెరా కూడా ఆమెను వెక్కిరించదు.

సబ్‌టైటిల్
మనవాళ్లకి చప్పగా అనిపించడానికి ఇంకో కారణం ఎడిటింగ్. మన కామెడీలో పంచ్ పడగానే పక్కవాడి మొహం మీదికి కట్, దానికో శబ్దం. ఇక్కడ ఆ సైగ ఇవ్వరు. కాలేజీ కుర్రాడు థోర్ సంగతి తీసుకోండి: చిన్నప్పుడు కిండర్‌గార్టెన్ ఎగ్గొట్టించి పై తరగతిలో వేశారు కాబట్టి రంగుల పేర్లు రావు. వినగానే నవ్వురాదు. చాలాసేపటికి ఇంద్రధనుస్సు చూసి ఒక్కో రంగూ పేరుపెట్టి అరుస్తాడు చూడండి, అదీ దాని పంచ్. మధ్యలో ఫోన్ చూసుకుంటే జోకు సగమే అందుతుంది.

మ్యాట్నీ
అన్నట్టు వెలుగు గమనించారా? అమ్మాయిల వెనకనుంచి లైటు కొట్టి జుట్టు అంచులు మెరిపిస్తారు. నిజమైన కాలేజీ చూపిస్తున్నామని అక్కడెవరూ మాటివ్వలేదు.

కట్‌పాయింట్
వయొలెట్ నడిపే ఆత్మహత్యల నివారణ కేంద్రంలో డోనట్లు, ట్యాప్ డాన్స్ వైద్యం మాటేమిటి? రెండంతస్తుల మేడ మీంచి విద్యార్థులు దూకడం జోకు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలు చదివినవాళ్లు అక్కడ నవ్వలేకపోతే, సినిమా అర్థంకాలేదని వాళ్లని అనకండి.

నేలటికెట్
అనను. ఆ దృశ్యాల్లో నవ్వు చావు మీద కాదు, డాన్సుతో దిగులు పోతుందన్న వయొలెట్ మొండి నమ్మకం మీద. కానీ మేడమీంచి దూకే జోకుకి ఆ సమర్థన సరిపోదు, అక్కడ వయొలెట్ నమ్మకం ఊసే లేదు. మాటల విషయంలో మాత్రం నేను కదలను.

కట్‌పాయింట్
నేనూ కదలను. కొత్తగా చూసేవాళ్లు ‘మెట్రోపాలిటన్’ ముందు చూడండి, తర్వాత ఇది. ఎవరి పక్షమో అప్పుడు చెప్పండి.