అమ్మ తర్వాత తమ్ముణ్ణి ఎవరు చూస్తారు? జిల్లాకో హోమా, ఇంటికే సహాయకుడా?

గోస్తనీ గట్టు
మా తమ్ముడికి 34 ఏళ్లు. పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు రెండూ, కుడిచెయ్యీ బిగుసుకుపోతాయి. మాట ముద్దగా వస్తుంది గానీ అలవాటైనవాళ్లకి అర్థమవుతుంది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు. క్రికెట్ లెక్కలు వాణ్ణి అడగాల్సిందే. సదరంలో, అంటే సర్కారు వైకల్య పరీక్షలో, 85 శాతం రాశారు. పింఛను 6 వేలు, ఒకటో తారీకున సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు.

ఇన్నాళ్లూ అమ్మే చూసుకుంది. అమ్మకి 68. సంక్రాంతికి ముందు దొడ్లో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక ఇప్పుడు వాకర్ పట్టుకుని వంటింటిదాకా వస్తోంది, అంతే. నేను హైదరాబాద్‌లో, లిఫ్టు లేని ఇంట్లో రెండో అంతస్తులో ఉంటాను. రెండు నెలలుగా మా ఆవిడ తణుకు దగ్గర ఊళ్లోనే ఉండి ఇద్దర్నీ చూస్తోంది. పిల్లల పరీక్షలు నా నెత్తిన.

మా చిన్నాన్న వికలాంగుల హోమ్‌లో పెట్టెయ్యమంటున్నాడు. ఊళ్లో ఇలాంటి ఇళ్లు నాలుగున్నాయి. అందరం కలిసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామనుకుంటున్నాం. అందులో ఏం రాయాలి? జిల్లాకో మంచి హోమ్ కట్టమనా, ఇంటికొచ్చే మనిషికి జీతం ఇమ్మనా? రెండూ రాస్తే రెండూ రావని మా గుమాస్తా స్నేహితుడి మాట.

బుజ్జితల్లి వాళ్లమ్మ
హోమ్ అనే రాయండి, మొహమాటపడకండి. మా అమ్మాయికి 22. మాటలు పది పన్నెండు వచ్చు. నెలసరి రోజుల్లో బట్ట మార్చుకోవాలని కూడా చెప్పాలి. నాకు షుగరు, వాళ్ల నాన్న పోయి ఆరేళ్లయింది. నేను పోతే పిల్ల మా మరిది ఇంట్లో ఉంటుంది. ఆ ఇంటికి ఎవరెవరు వస్తారో, ఎవరెలా చూస్తారో నాకు తెలుసు. తలుపు దగ్గర కాపలా, రాత్రి ఆడమనిషి, వారానికో డాక్టరు ఉండే చోటు కావాలి నాకు. ఇంటికి పంపించే మనిషి మీద నిఘా ఎవరు పెడతారు? చెప్పుకోలేని పిల్ల.

మూడుచక్రాలు
అమ్మా, మీ భయం అబద్ధమని అనను. కానీ తలుపుకి కాపలా ఉన్న చోట ఏమవుతుందో కూడా చూశాం కదా. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల్ని పెట్టిన షెడ్డు అంటుకుంటే 28 మంది చచ్చిపోయారు. కాళ్లకి గొలుసులు ఉండడంతో పారిపోలేకపోయారు. వాళ్లని అక్కడ చేర్చినవాళ్లలో చాలామంది ప్రేమలేని వాళ్లేం కాదు.

నాకు 2011లో బైకు పడి వెన్నెముక దెబ్బతింది. నడుం కింద స్పర్శ లేదు. విజయవాడలో ఉంటాను, ఇంట్లోంచే డీటీపీ చేస్తాను. పొద్దున ఆరింటికి ఒక కుర్రాడొస్తాడు. మూత్రం పైపు శుభ్రం చెయ్యడం, దొడ్డికి కూర్చోబెట్టడం, స్నానం, పిరుదుల మీద ఎక్కడైనా ఎర్రబడిందేమో ఫోను టార్చి వేసి చూడడం. ఎరుపు ఒక్కరోజు వదిలేస్తే పుండు, పుండైతే మూడు నెలలు బోర్లా పడుకోవాలి. రెండు గంటల పని, నెలకి 7 వేలిస్తాను. నా పింఛను 15 వేలు కాబట్టి ఇవ్వగలుగుతున్నాను. ఇంతకుముందొకడు తాగొచ్చేవాడు, మాన్పించేశాను. హోమ్‌లో ఆయాని మీ తమ్ముడు మాన్పించగలడా?

2016 వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ అర్జీలో పెట్టండి. ఫలానా చోటే ఉండాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని, వయసూ ఆడా మగా చూసి సహాయకుణ్ణి అందుబాటులోకి తేవాలని అందులో ఉంది. 24లో సంరక్షకుల భత్యం కూడా ఉంది.

రిటైర్డ్ ట్రెజరీ
24వ సెక్షన్ మొదటి వాక్యం కూడా చదవండి నాయనా. ప్రభుత్వం తన ఆర్థిక స్థోమత మేరకు పథకాలు పెట్టాలని ఉంది. ముప్పై ఏళ్లు బిల్లులు పాస్ చేసినవాణ్ణి, ఆ 'స్థోమత మేరకు' అన్న ముక్కలోంచి ఎన్ని ఫైళ్లు జారిపోయాయో నాకు తెలుసు.

భవనానికి అయితే శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, కాంట్రాక్టరుంటాడు. కనక డబ్బు కదులుతుంది. ఇంటింటికీ మనిషి అంటే ప్రతి నెలా జీతం, ప్రతి నెలా హాజరు. పెద్ద ఖర్చని ఆర్థిక శాఖ ఒప్పుకోదు. నేను హోమ్ మంచిదనడం లేదు, ఏది మంజూరవుతుందో చెబుతున్నాను.

పైగా కేంద్రం వికలాంగ పింఛను వాటా నెలకి 300 రూపాయలు, అదీ 80 శాతం, ఆపైన వైకల్యం ఉంటేనే. మిగతాదంతా రాష్ట్రమే మొయ్యాలి. కేరళలో మంచాన పడ్డవాళ్లని చూసేవాళ్లకి 'ఆశ్వాసకిరణం' అని ఇస్తారు, గొప్పగా చెప్పుకుంటారు. ఎంతనుకున్నారు? నెలకి 600.

తాటివనం
భువనగిరి దిక్కు మాది. మా నాయిన గీత కార్మికుడు. తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు, పదకొండేండ్లయితుంది. మోకు తెగింది. ఇప్పుడైతే కాటమయ్య రక్షణ కవచం అని 2024 నుంచి కిట్లు ఇస్తున్నరు, మంచిదే. అప్పుడు గవేం లెవ్వు. ఆంధ్రల 6 వేలు, 15 వేలు అంటున్నరు, మాకు 4,016. గందులకెల్లి మనిషిని పెట్టుకొమ్మంటే ఎట్ల?

నేనొకటి అడుగుత. మీ లెక్కల మా అమ్మ యాడుంది? పదకొండేండ్లాయె, రాత్రి రెండుసార్లు లేచి నాయినను పక్కకు మర్లేస్తది. ఒక్క పెండ్లికి పోలే. ఆమెకు జీతం లేదు, సెలవు లేదు, ఇప్పుడు ఆమె నడుమే పోయింది. హోమ్ గావాల్నా సహాయకుడు గావాల్నా అని మీరు కొట్లాడుకుంటున్నరు గని, ఇప్పటిదాంక రెండూ లేకుంట నడుస్తున్నదంటే ఇంట్ల ఒక ఆడమనిషి ఫిరీగ చేస్తున్నదని.

శాన్‌హోసే
తాటివనం గారు అన్నదానికి ఇక్కడ కాలిఫోర్నియాలో ఒక జవాబుంది. ఇంటి దగ్గర సహాయానికి కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా, నడిపే పథకమొకటుంది. ఉద్యోగి ఇంటికొచ్చి స్నానానికి ఎంతసేపు, అన్నం పెట్టడానికి ఎంతసేపు అని నిమిషాల లెక్కన రాసుకుని, నెలకి ఇన్ని గంటలని మంజూరు చేస్తారు. బాగా అవసరమైనవాళ్లకి 283 గంటల దాకా ఇస్తారు. ఆ గంటల జీతం ఎవరికివ్వాలో వికలాంగుడే ఎంచుకుంటాడు. కన్నతల్లిని కూడా పెట్టుకోవచ్చు. మా అపార్టుమెంట్లో ఒక గుజరాతీ ఆవిడ కొడుకుని చూసుకుంటూ అలాగే జీతం తీసుకుంటోంది. 1972లో బర్కిలీలో చక్రాల కుర్చీల్లో తిరిగే విద్యార్థులే మొదలుపెట్టిన కేంద్రం ఈ ఆలోచనకి బలమిచ్చింది.

రిటైర్డ్ ట్రెజరీ
కాలిఫోర్నియా బడ్జెట్టుతో తణుకు తూకం వెయ్యకండమ్మా.

శాన్‌హోసే
డబ్బు సంగతి కాదండీ, కొలిచే పద్ధతి సంగతి. సదరం శాతం చెబుతుంది. 85 శాతం అంటే రోజుకి ఎన్ని గంటల సాయం కావాలో అందులో ఎక్కడుంది?

మూడుచక్రాలు
ఇది నిజం. ఎముకల డాక్టరు చెయ్యి వంచి చూసి శాతం రాస్తాడు. చెంబు ఎత్తుకోగలవా అని నన్నెవరూ అడగలేదు. 2025లో మా ఇంటికొచ్చి మళ్లీ పరీక్ష చేసినప్పుడు కూడా అదే వరస. తీవ్ర సహాయం కావల్సినవాళ్లు దరఖాస్తు చేసుకుంటే బోర్డు అంచనా వెయ్యాలని అదే చట్టం 38లో ఉంది. అర్జీలో ముందు అదడగండి.

బుజ్జితల్లి వాళ్లమ్మ
చట్టాలు నాకూ చెప్పారు. బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్టు కింద గార్డియన్ కోసం కలెక్టరు అధ్యక్షుడిగా ఉన్న కమిటీకి పెట్టాను, కాగితం చేతికొచ్చింది. నిరామయ ఆరోగ్య బీమా కార్డుంది, లక్ష రూపాయల దాకా. పెద్దయినవాళ్లు ఉండడానికి 'ఘరౌందా' అని ఆ ట్రస్టుదే పథకం ఉందన్నారు, మాకు దగ్గర్లో ఎక్కడా లేదు. మూడుచక్రాలు గారూ, మీరు తాగుబోతుని మాన్పించగలిగారు. మీకు నోరుంది, తెలివుంది. మా పిల్ల ఎవర్ని మాన్పిస్తుంది? మీలాంటి వాళ్ల కోసం రాసిన మాటలు మా పిల్లకి అంటగట్టకండి.

మూడుచక్రాలు
...ఒప్పుకుంటున్నాను. మీ అమ్మాయికి నలుగురైదుగురు ఉండే చిన్న ఇల్లు, మీ వీధిలోనే, మీరు రోజూ తలుపు తట్టగలిగే చోట. అలాంటిదైతే నేనూ మీతో సంతకం పెడతాను. ఊరి బయట మామిడితోటలో వంద మంచాల బిల్డింగుకి మాత్రం పెట్టను. అక్కడికి చూడ్డానికి మొదటి ఏడాది నెలకోసారి వస్తారు, తర్వాత దసరాకి వస్తారు.

గోస్తనీ గారూ, ఇంత మాట్లాడుకున్నాం. మీ తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు, మాట అర్థమవుతుందన్నారు. ఆయనేమన్నాడు?

గోస్తనీ గట్టు
రెండ్రోజులు ఇటు రాలేదు, క్షమించండి. నిజం చెప్పాలంటే మూడుచక్రాలు గారి ప్రశ్నకి సిగ్గేసింది. శనివారం ఊరెళ్లి అడిగాను. హోమా, ఇల్లా అని.

వాడు ఆ రెంటికీ జవాబు చెప్పలేదు. చాలాసేపు గోడ మీద క్యాలెండరు వైపు చూసి, "వదిన స్నానం చేయిస్తోంది" అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు, "మగమనిషి కావాలి. స్నానానికి. మిగతావి తర్వాత చూద్దాం." రెండు నెలలుగా వాడు పొద్దున మంచినీళ్లు కూడా తాగడం లేదట, బాత్రూముకి మా ఆవిణ్ణి పిలవాల్సొస్తుందని. మా ఆవిడ కూడా ఎప్పుడూ నోరు విప్పలేదు. వంటింట్లోకొచ్చి అడిగితే, "ఆయన కళ్లు మూసుకునే ఉంటాడండీ" అంది.

తాటివనం
ఫస్టు గది చూడుండ్రి అన్నా. అర్జీ ఆగుతది.

రిటైర్డ్ ట్రెజరీ
పొద్దున గంటన్నర, సాయంత్రం అరగంట. మీ ఊళ్లో ఆస్పత్రిలో పనిచేసి మానేసిన వార్డు బాయ్ ఎవరైనా ఉంటాడు, వాకబు చెయ్యండి. 5 వేలకి వస్తాడు. పింఛను 6 వేలే అయితే వెయ్యి మిగులుతుంది. ఆ లెక్కే అర్జీలో వెయ్యండి, నేను చెప్పిన భవనం మాటకన్నా గట్టిగా ఉంటుంది. మొత్తం ఎన్ని గంటలు, ఎవరు, ఎంత. నాలుగిళ్లకీ విడివిడిగా.

మూడుచక్రాలు
జీతం మాత్రం మీ తమ్ముడి చేత్తోనే ఇప్పించండి. ఎడంచెయ్యి పనిచేస్తుందిగా.

గోస్తనీ గట్టు
చేస్తుంది. పాత చెరువు వీధిలో ఒకాయన ఉన్నాడని మంగలి చెప్పాడు, తణుకులో నర్సింగ్ హోమ్‌లో పదేళ్లు చేశాడట. రేపు ఏడింటికి రమ్మన్నాను. ముందు తమ్ముడు చూసి, నచ్చితేనే.

బుజ్జితల్లి వాళ్లమ్మగారూ, మీదే మండలం? నలుగురుండే ఇల్లు అన్నది అర్జీలో రెండో కాగితంగా పెడుతున్నాను, మీ సంతకం కావాలి.