శిక్షణ కేంద్రాలకు సర్కారు ఇచ్చే బిల్లుకు ప్లేస్‌మెంట్ (ఎంతమందికి ఉద్యోగం చూపారన్న) లెక్క ముడిపెట్టాలా?

కొత్తగట్టు:
పల్లె యువతకు పని నేర్పే దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన (2014)లో శిక్షణ పొందినవారిలో కనీసం 70% మందికి ఉద్యోగం చూపించాలి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదటి మూడు విడతల్లోనూ ప్లేస్‌మెంట్ లెక్క చూసేవారు. నాలుగో విడతలో ఆ ముడి తీసేశారు. నా లెక్కలో అది తప్పు. ఉద్యోగం సంగతి అడిగేవాడు లేకపోతే హాజరు పట్టీ నింపి చేతులు దులుపుకుంటారు.

మెటల్‌షాప్:
కొత్తగట్టు గారూ, అడిగినా ఏమవుతుందో చూడండి. వెల్డింగ్ బ్యాచ్‌ని గోదాములో ప్యాకింగ్‌కి పంపి, మూడు నెలల జీతం చీటీలు ఫైల్లో పెట్టేస్తే లెక్క సరిపోతుంది. పని మాత్రం రాదు. అసలు తేడా కొట్టేది వెల్డింగ్ రాడ్ల ఖర్చు దగ్గర. ఆర్క్ (రాడ్ కొస దగ్గర పుట్టే మంట) సులువుగా పట్టే 6013 రకం రాడ్‌తోనే కోర్సు ముగిస్తారు, అవి కూడా లెక్కపెట్టి ఇస్తారు. ఫ్యాబ్రికేషన్ యార్డులో (ఇనుప కట్టడాలు తయారుచేసే చోట) చేతికిచ్చేది 7018 రకం రాడ్. తేమ పట్టిన 7018ని ఓవెన్‌లో సుమారు 350 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాకే వాడాలి. లేకపోతే లోహంలోకి హైడ్రోజన్ చేరి, అతుకు చల్లారాక పగులుతుంది. ఓవెనే లేని కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్ మొదటి రోజు టెస్ట్ ప్లేట్ (వెల్డింగ్ చేసి చూపమని ఇచ్చే ఇనుప పలక) దగ్గరే తేలిపోతుంది.

కొత్తగట్టు:
మరి దేన్ని చూసి బిల్లు ఇవ్వాలి?

మెటల్‌షాప్:
ప్లేట్‌ని చూసి. 10 మి.మీ. ప్లేట్లు రెండు, 60 డిగ్రీల వి-గాడి, అడుగున 2–3 మి.మీ. సందు, నిలువుగా కిందినుంచి పైకి వెల్డింగ్. అతుకు అడ్డంగా పట్టీలు కోసి, ఒకదాన్ని పైముఖం బయటికి, ఇంకోదాన్ని రూట్ (అతుకు అడుగు) బయటికి వచ్చేలా యు ఆకారంలో వంచాలి. 3 మి.మీ. దాటి ఎక్కడ తెరుచుకున్నా ఫెయిల్. ఆ వంచేవాడు శిక్షణ కేంద్రం మనిషి కాకూడదు, ఇదొక్కటీ జిల్లా అధికారులు పట్టుబట్టి చేయించాలి.

జిల్లాబెంచ్:
ఇద్దరూ పరిశ్రమను వదిలేశారు. అప్రెంటిస్ చట్టం (1961) ప్రకారం 30 మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థ 2.5 నుంచి 15% దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2016లో వచ్చిన ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో 25%, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్ర ప్రభుత్వం భరించేది. రాడ్లు, ఓవెన్ అక్కడ ఎలాగూ ఉంటాయి. మళ్లీ వేరే షెడ్డు కట్టి నేర్పడం ఎందుకు?

మెటల్‌షాప్:
ఉంటాయి, కుర్రాడి చేతికి రావాలి కదా! ఏడాదంతా గ్రైండింగ్, స్లాగ్ (అతుకు మీద పేరుకునే పెచ్చు) కొట్టడంతో సరిపెట్టే షాపులున్నాయి. ఏ వారం ఏ పొజిషన్‌లో (నిలువు, అడ్డం లాంటివి) ఎన్ని గంటలు వెల్డింగ్ చేశాడో లాగ్‌బుక్‌లో రాయించి, సూపర్‌వైజర్ సంతకం చూశాకే సర్కారు వాటా విడుదల చేస్తే ఒప్పుకుంటాను.

కొత్తగట్టు:
ప్లేట్ పరీక్షకు ఒప్పుకుంటున్నా. కానీ పని బాగా వచ్చినవాడు కూడా గది అద్దె, తిండికే జీతం చాలక ఊరికి తిరిగొచ్చేస్తాడు. వంచిన పట్టీ ఆ సంగతి చెప్పదు. ఆరో నెలలో నేరుగా అతనికే ఫోన్ చేసి "అదే ట్రేడ్‌లో ఉన్నావా, లేకపోతే ఎందుకు మానేశావు" అని అడిగి రాసే గడి బిల్లు ఫారంలో ఉండాలి. ఆ ఫోన్ చేసేది కూడా శిక్షణ కేంద్రం మనిషి కాకూడదు.