కుక్కను వదలండి లేదా ఇల్లు ఖాళీ చేయండి అంటున్నారు (అనంతపురం)

రామ్‌నగర్ అద్దె ఇల్లు: నాన్న పోయాక అమ్మకు నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇప్పటికీ మందులు వాడుతోంది. వీధిలో దొరికిన కుక్కపిల్లను పెంచడం మొదలుపెట్టాకే పొద్దున లేచి దానికి పెరుగన్నం కలపడం, సాయంత్రం బయటికి తీసుకెళ్లడం చేస్తోంది. ఓనర్ మొదట్లో ఏమీ అనలేదు. పై పోర్షన్‌లోకి కొత్తవాళ్లు వచ్చాక, నెలాఖరుకు తేల్చమంటున్నారు. నెట్‌లో ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ (మనసుకు ఊరటనిచ్చే జంతువు) అని సర్టిఫికెట్ అమ్ముతున్నారు. తీసుకుంటే పనికొస్తుందా?

కర్నూలు లాయర్: దానికి డబ్బు పెట్టకండి. ఆ పద్ధతి అమెరికాది. అక్కడ ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద, వైకల్యం ఉన్న మనిషికి అవసరమైన జంతువును పెంపుడు జంతువుగా లెక్కేయరు. పెట్స్ వద్దనే ఇంట్లోనూ మామూలుగా ఒప్పుకోవాలి, అదనపు డిపాజిట్ అడగకూడదు. మన దేశంలో అలాంటి చట్టం లేదు.

మీకు అండ మీ అగ్రిమెంటే. అందులో పెంపుడు జంతువులు వద్దని రాసుకున్నారా? పదకొండు నెలల గడువు అయిపోయి, నెలనెలా అద్దె కడుతూ ఉంటే, వేరే షరతు ఏదీ లేనప్పుడు మామూలుగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 వర్తిస్తుంది. ఖాళీ చేయించాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటి మాట చాలదు. నోటీసు తర్వాత కూడా మీరు కదలకపోతే ఆయన కోర్టుకే వెళ్లాలి. తాళం వేయడం, సామాను బయట పెట్టడం కుదరదు. అలా చేస్తే ఆరు నెలల్లోపు ఇల్లు తిరిగి అప్పగించమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద దావా వేయొచ్చు. అద్దె మాత్రం ఫోన్‌లోనో బ్యాంకులోనో కట్టండి, రుజువు ఉంటుంది.

ఎర్రముక్కపల్లి, కడప: మాది ఫ్లాట్. ఓనర్‌కు ఇబ్బంది లేదు, అసోసియేషనే కుక్కలు వద్దని తీర్మానం చేసింది, లిఫ్ట్ ఎక్కించొద్దంది. 2015లో జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాల్లో అసోసియేషన్లు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని ఉంది, మెజారిటీ ఒప్పుకున్నా సరే. ప్రింట్ తీసి, టీకా కార్డుతో కలిపి ఇచ్చాం. తర్వాత లిఫ్ట్ గొడవ ఆగింది. కానీ అక్కా, సొంత ఇల్లు అద్దెకిచ్చే ఓనర్‌ను ఆ కాగితం కట్టడి చేయదు.

సి క్యాంప్ (కర్నూలు) ఇంటి ఓనర్: నా వైపు నుంచి కూడా ఒక మాట. ఒకరు ఖాళీ చేసి వెళ్లాక గదుల్లో వాసన పోలేదు, తలుపులు గీరేసి ఉన్నాయి. అప్పటినుంచి భయం. తర్వాత వచ్చిన కుటుంబం, వెళ్లేటప్పుడు సున్నం, తలుపుల ఖర్చు మాదే అని అగ్రిమెంట్‌లో రాసిచ్చింది. ఇచ్చాను. మీ ఓనర్ భయం ఏమిటో అడిగి చూడండమ్మా.

రామ్‌నగర్ అద్దె ఇల్లు: అడిగాను. పైవాళ్ల చిన్నపాప మెట్ల మీద కుక్కను చూసి భయపడుతోందట, అరుపు కాదు అసలు కారణం. వెనక గేటు నుంచి బెల్టు కట్టి తీసుకెళ్తామని చెప్పాం. ఓనర్ ఆలోచిస్తానన్నారు. ఇంతకీ డాక్టర్ ఉత్తరం తీసుకోవాలా?

కర్నూలు లాయర్: తీసుకోండి. చట్టం దృష్టిలో అది హక్కు పత్రం కాదు, కానీ అమ్మగారి పరిస్థితి ఓనర్‌కు అర్థమవుతుంది. రాజీ కుదరక నోటీసు వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. టెన్షన్‌లో కుక్కను ఎక్కడో వదిలేయకండి, 1960 జంతు హింస నివారణ చట్టం కింద అది నేరం.

రామ్‌నగర్ అద్దె ఇల్లు: వదలం అన్నా. రేబిస్ టీకా గడువు చూసుకుని రేపే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. కార్డు ఓనర్‌కు, పైవాళ్లకు ఇద్దరికీ చూపిస్తాం.